పట్టినచోటనే వండిన ఎండ్రకాయ మేలైనదేనా?

తొలకరి వానలు కురిసి చేలలో నీరు నిలిచినంతనే గట్ల బొరియలలోని ఎండ్రకాయలు వెలుపలికి వచ్చును. పిల్లలు వానిని పట్టి గట్టుమీదనే నిప్పుల మీద కాల్చుకొని తినుటయు, కూలికి పోయినవారు కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకొనుటయు మన గ్రామములందు చిరకాలముగా ఉన్న అలవాటు. పేదయింటికి అది పైసా ఖర్చు లేని కూర. అందు మాంసకృత్తులు అధికము, క్రొవ్వు స్వల్పము. "పట్టినచోటనే తినిన ఎండ్రకాయకు సాటి లేదు" అను మాట కూడ వాడుకలో ఉన్నది.

ఈ మాట ఎంతవరకు నిజమో, ఎచ్చట అది మనలను మోసగించునో పల్నాడు జిల్లా అచ్చంపేట మండలమును దృష్టియందుంచుకొని వివరింప దలచితిమి. ఈ మండలమునకు కృష్ణానది ఒక హద్దు. పులిచింతల ఆనకట్టకు దిగువ, ముక్త్యాలకు ఎదుటి ఒడ్డున మాదిపాడు మొదలగు గ్రామములు నదిని ఆనుకొని యున్నవి. లోపలి గ్రామములలో మిరప, ప్రత్తి చేలును, వాగుల నీటితో పండు మాగాణియు కలవు. నదియు, వాగును, చేనును ఒకచోటనే కలిసియున్న ఇట్టి మండలమున ఈ ప్రశ్న ఉపేక్షింప దగినది కాదు.

తాజాతనము విలువ యేమి?

చచ్చిన ఎండ్రకాయ మేక మాంసము వలె గాని, చేప వలె గాని కొంతసేపు నిలువ ఉండదు. దాని డొప్పలో జీర్ణరసములను పుట్టించు పెద్ద గ్రంథి యొకటి కలదు. ప్రాణము పోయినంతనే ఆ రసములు చుట్టునున్న కండను కరిగింప మొదలిడును. దానికి సూక్ష్మక్రిములు తోడగును. కండ మెత్తబడి నీరుగారి, ఘాటైన అమోనియా వాసన వచ్చును. పల్నాటి ఎండలకు ఇది మరింత త్వరగా జరుగును. కావున కుండలో పడువరకు ప్రాణముతో ఉండుటయే ఎండ్రకాయకు తాజాతనము. పెద్దలు పట్టినచోటనే తినుమని చెప్పుటకు కారణ మిదియే. ఆ మాట సమంజసమైనదే.

అయితే అన్ని జాతులకును ఇది ఒకే రీతిగ వర్తింపదు. సముద్రములో ఈదుచు తిరుగు చుక్కల పీత వంటివి నీటినుండి తీసిన కొలది సేపటికే చచ్చును. సూర్యలంక, నిజాంపట్నము తీరములందు పడవ దిగిన వెంటనే వండిన ఈ పీత రుచి వేరు, నూరు కిలోమీటర్లకు మించిన దూరము ప్రయాణము చేసి అచ్చంపేటకు వచ్చిన దాని రుచి వేరు. అందుకొరకు తీరమునకు పోవుట శ్రమకు తగినదే. మడ అడవులలోను ఉప్పుటేరులలోను పెరుగు పెద్ద బురదపీత సంగతి వేరు. కాళ్లు కట్టి, తడిగోనెలో నీడన ఉంచినచో అది కొన్ని దినములు ప్రాణముతో నిలుచును. విదేశములకు సయితము దానిని ప్రాణముతోనే ఎగుమతి చేయుచున్నారు. కదలుచున్న బురదపీత సంతలో దొరికినచో దానికొరకు సముద్రమువరకు పోనక్కరలేదు.

మన పొలముల ఎండ్రకాయయు ఇట్టిదే. తడి ఉన్నంతకాలము అది గట్టుమీదను బ్రతుకగలదు. ప్రాణముతో ఇంటికి తెచ్చుట సులభము. కావున చేనిలోనే మంటవేసి తినుట వలన రుచియందు గొప్ప లాభమేమియు లేదు. ఇక దాని వలన కలుగు నష్టము లేవియో చూతము.

నీరు చెడినచో తాజాతనము కాపాడదు

ఎండ్రకాయ తాజాగా ఉన్నదని చెప్పినంతమాత్రమున అది పెరిగిన నీరు మంచిదని చెప్పినట్లు కాదు. మిరపకును ప్రత్తికిని పురుగుమందులు విరివిగా చల్లుట మనకు తెలిసినదే. వాన కురిసినపుడు ఆ మందు చేనినుండి బోదెలోనికి, బోదెనుండి వాగులోనికి దిగును. పురుగును ఎండ్రకాయను ప్రకృతి ఒకే కుదురున పుట్టించినది. రెండింటికిని అతుకుల కాళ్లు, గట్టి పైపెంకు కలవు. పురుగు నరములను దెబ్బతీయు మందు ఎండ్రకాయ నరములను కూడ దెబ్బతీయును. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞులు మన వరిపొలముల ఎండ్రకాయపై పురుగుమందులును, కాడ్మియము వంటి లోహములును చూపు ప్రభావమును గూర్చి అనేక సంవత్సరములు పరిశోధనలు చేసిరి.

ఇచ్చట పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపవలసినది యొకటి కలదు. ఆరోగ్యముగా ఉన్న ఎండ్రకాయ మనిషి అలికిడికే బొరియలో దూరును. అది ఎక్కువగా రాత్రిపూట తిరుగును. మందు తగిలినదో, పట్టపగలే గట్టుమీదికి వచ్చి తూలుచుండును. పట్టబోయిన కరవదు, పారిపోదు. అనగా చేతికి మిక్కిలి సులభముగ దొరకునదే మిక్కిలి అనుమానింప దగినది. పిల్లల బుట్టలో మొదట పడునదియు అదియే. ఉడికించుట వలన క్రిములు చచ్చునే గాని, మందు పోవునని నమ్మరాదు. లోహములు అసలే పోవు. అవి డొప్పలోని గోధుమవన్నె గ్రంథియందే ఎక్కువగా చేరును గనుక అనుమానపు నీటిలోని ఎండ్రకాయల ఆ భాగమును తినరాదు.

ఎండోసల్ఫాను మందును సుప్రీముకోర్టు 2011 మే నెలలో నిషేధించినది. ఒక మందు తొలగినంత మాత్రమున తక్కినవన్నియు నిరపాయకరములని తలపరాదు. మందు చల్లిన చేనియందును, దాని నీరు దిగు బోదెయందును ఎండ్రకాయలు పట్టకుండుటయే క్షేమము. ఎంత తాజాయైనను అది తినదగినది కాదు.

నిప్పు చేయవలసిన పని

మూడవ ముప్పు క్రిములవలన కలుగును. మంచినీటి ఎండ్రకాయల కండలో ఊపిరితిత్తుల పురుగు పిల్లలు దాగియుండు ప్రదేశములు కలవు. రోగి ఉమ్మిన కళ్లెతో, లేదా మలముతో, ఈ పురుగు గ్రుడ్లు నీటిలో చేరును. వానినుండి వచ్చిన పిల్లలు ముందు నత్తలోను, తరువాత ఎండ్రకాయలోను పెరుగును. దానిని పచ్చిగా గాని, సగము కాల్చి గాని తినిన మనిషి ఊపిరితిత్తులలో అవి కాపురము పెట్టును. దీర్ఘకాలపు దగ్గు, రక్తముతో కూడిన కళ్లె, ఛాతీనొప్పి దీని లక్షణములు. ఇవియే క్షయ లక్షణములు కూడ అగుటచే, రోగులు క్షయ మందులు వాడియు గుణము కానక బాధపడిన సందర్భములు కలవు. మన దేశమున ఈ వ్యాధి ముఖ్యముగా ఈశాన్య రాష్ట్రములందు కనిపించుచున్నది. మణిపురమున 1980 దశాబ్దపు తొలిభాగమున వైద్యులు దీనిని గుర్తించి ప్రకటించిరి. ప్రాజిక్వాంటెల్ అను మందుతో ఇది నయమగును.

కొరియా దేశమున ఒకప్పుడు తట్టు సోకిన పిల్లలకు మంచినీటి రొయ్యజాతి జంతువుల పచ్చిరసమును ఔషధమని త్రాగించెడివారు. మేలు చేయునని పోసిన రసమే ఈ వ్యాధిని తెచ్చెను. మన ఇండ్లలో జలుబుకు ఎండ్రకాయల రసము కాచుట కలదు. దానిని దంచి, వడగట్టి, బాగుగ మరిగించినచో భయము లేదు. కాని దంచిన రోలును, వడగట్టిన గుడ్డను, చేతులను కడుగకయే పచ్చడి నూరినను, పిల్లకు అన్నము కలిపి పెట్టినను ముప్పు తప్పదు.

గట్టుమీద కాల్చుటలోని లోపము ఇచ్చట తెలియగలదు. పైపెంకు మాడును, లోపలి కండ పచ్చిగా ఉండును. పెంకు ఎఱ్ఱబడినది గదా యనిన, అది ఉడికినదనుటకు గుర్తు కాదు. ఆ ఎఱ్ఱరంగు పెంకులో మొదటినుండియు ఉన్నదే. బ్రతికియున్నపుడు ఒక మాంసకృత్తుతో పెనవేసికొని మరుగున ఉండును. వేడి తగులగనే ఆ ముడి వీడి రంగు బయటపడును. కావున మొప్పలను, పొట్టసంచిని తీసివేసి, కడిగి, తెరలు నీటిలో పదునైదు నిమిషములకు తగ్గకుండ ఉడికింపవలెను. కండ తెల్లబడి పెంకునుండి విడివడవలెను. తినినంతనే దద్దురులో, ఆయాసమో కలిగిన వారు మరల దానిని ముట్టరాదు.

పంచాయతీలు చేయదగిన పనులు

మందు డబ్బాలను, చల్లు పంపులను వాగులో గాని చెరువులో గాని కడుగకుండ కట్టడి చేయవలెను. మందు చల్లిన చేనివద్ద ఆ సంగతి తెలుపు గుర్తు పాతించుట ఉపయోగకరము. నీటిలో విషము కలిపి గాని, మందుగుండు ప్రేల్చి గాని చేపలు చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టము నిషేధించినది. ఆ చట్టమున చేప యను మాటలో పెంకుగల జలచరములును చేరును. ఇట్టి పనులు జరిగిన నీటిలోని చేపలను గాని, ఎండ్రకాయలను గాని గ్రామమున అమ్మనీయరాదు.

సంతలో కదలిక లేని పీతలను కొనవద్దని దండోరా వేయింపవచ్చును. రెండు వారములకు మించి దగ్గు ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి కళ్లె పరీక్ష చేయింపవలెను. పచ్చి ఎండ్రకాయ తినియున్నచో ఆ సంగతి వైద్యునికి దాచక చెప్పుమనవలెను. మరుగుదొడ్ల వాడకము పెరిగినకొలది పురుగు గ్రుడ్లు నీటిలో చేరు దారి మూసికొనిపోవును.

పొట్టక్రింద గ్రుడ్లో పిల్లలో ఉన్న తల్లి ఎండ్రకాయను విడిచిపెట్టుమని పిల్లలకు నేర్పవలెను. మంచినీటి ఎండ్రకాయ పిల్లలు తల్లి పొట్టక్రిందనే పూర్తిగ రూపు దిద్దుకొనును. తల్లిని పట్టినచో ఆ సంతతి యంతయు పోవును. గట్లకు బొరియలు చేయునని రైతు దానిని తిట్టుకొనుట నిజమే గాని, ఏటేట కూర ఇచ్చునదియు అదియే గదా!

కావున మా సలహా యిది. ఎండ్రకాయను ప్రాణముతో పట్టుడు, ప్రాణముతోనే ఇంటికి తెండు. కాని అంతకు ముందు అది ఏ నీటిలో పెరిగినదో విచారింపుడు. ఆ తరువాత పొయ్యిమీద నిండుగ ఉడికింపుడు. తాజాతనము కుళ్లునుండి మాత్రమే కాపాడును. మందునుండి కాపాడునది మంచి నీరు, పురుగునుండి కాపాడునది నిప్పు. ఈ మూడును కూడినపుడే ఎండ్రకాయ పులుసు పేదయింటికి నిజమైన బలము. నిప్పును కుండను ఇంటివద్ద ఉండనే యున్నవి. వాగులోనికి మందు దిగకుండ చూచుట మాత్రము ఒక్క ఇంటివలన అగు పని కాదు. అది పంచాయతీ పూనుకొనవలసిన పని.