సీన్ 1 రాసే ముందు: ఆళ్లగడ్డ నుంచి ఒక కథ

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో సినిమా పిచ్చి ఉన్న కుర్రాళ్లను కదిపి చూడండి. చాలామంది దగ్గర ఒక కథ ఉంటుంది. టీ తాగుతూ ఇరవై నిమిషాలు చెబుతారు, వినడానికి బాగానే ఉంటుంది. ఇంటికెళ్లి లాంగ్ నోట్‌బుక్ తెరిచి, పైన 'సీన్ 1' అని రాసి మొదలుపెడతారు. పదో సీనుకో పన్నెండో సీనుకో పెన్ను ఆగిపోతుంది. తెలివి చాలక కాదు. కథ తెలుసు గానీ దాన్ని ఎవరి వెంట నడుస్తూ చెప్పాలో, ఏది ముందు చెప్పి ఏది దాచాలో, ఎంతసేపట్లో ముగించాలో తేల్చుకోలేదు. స్క్రీన్‌ప్లే పనిలో పెద్ద వాటా ఆ తేల్చుకోవడానిదే. సీన్లు రాయడం ఆ తర్వాతి మాట.

దీనికి మన ముందున్న గొప్ప ఉదాహరణ 1957లో వచ్చిన 'మాయాబజార్'. తీసిన కె.వి.రెడ్డి సీమ మనిషే, తాడిపత్రి వైపువాడు. శశిరేఖా అభిమన్యుల పెళ్లి కథ అది. అభిమన్యుడు పాండవుల బిడ్డ. అయినా మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనిపించరు. రాసేవాడు ముందే కూర్చుని, ఈ కథ ద్వారకది, ఘటోత్కచుడిది, పాండవులు వస్తే కథ వాళ్లవైపు జారిపోతుంది అని తేల్చుకుంటే తప్ప అది జరగదు. అందులోనే ప్రియదర్శిని పెట్టె ఉంది. ఎవరు తెరిస్తే వాళ్లకు ఇష్టమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడికి మాత్రం శకుని కనిపిస్తాడు. ఇక ముందు ఎవరు ఎటు లాగుతారో ఆ ఒక్క సీనులో ప్రేక్షకుడికి అర్థమైపోతుంది. "బలరాముడికి దుర్యోధనుడంటే అభిమానం" అని ఎవరి చేతా చెప్పించాల్సిన పని లేకుండా పోయింది. తెరకు రాయడం అంటే ఇదే: కంటికి కనిపించేది, చెవికి వినిపించేది మాత్రమే కాగితం మీద పెట్టడం. "అతనికి పదేళ్ల కిందటి అవమానం గుర్తొచ్చి గుండె రగిలింది" అని నవలలో రాస్తే చెల్లుతుంది. స్క్రిప్టులో రాస్తే కెమెరా దేన్ని చూపించాలి?

ఇక మన ఊరి కథ ఒకటి తీసుకుని, మొదటి నుంచి కట్టి చూద్దాం.

ఆళ్లగడ్డ శిల్పాలకు పేరు. రోడ్డు పక్క షెడ్లలో తెల్లారింది మొదలు ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. దేవుడి విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు శిల్పులు దాన్ని తట్టి చూస్తారు. మంచి రాయి గంటలా పలుకుతుంది, లోపల పగులుంటే మొద్దుగా మోగుతుంది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదన్నది పాత నియమం. కథకు కావలసిన దినుసులు ఇందులోనే ఉన్నాయి. నేను అల్లుకున్న కథ ఇది. ఓబులేసు ఒక శిల్పి కొడుకు. ఒక ఊరి గుడికి నరసింహస్వామి విగ్రహం చేసిచ్చే పని ఒప్పుకున్నారు. అడ్వాన్సు డబ్బు చెల్లెలి పెళ్లికి ఖర్చయిపోయింది. ప్రతిష్ఠ ముహూర్తం దగ్గరపడ్డాక విగ్రహంలో పగులుందని ఓబులేసుకు తెలుస్తుంది. జీవితమంతా రాళ్లను చెవితో పరీక్షించిన తండ్రికి ఇప్పుడు సరిగా వినపడదు.

ఇక్కడ ఆగి 'లైన్' రాయాలి. సినిమావాళ్లు కథ అడిగేటప్పుడు ముందు అడిగేది ఇదే. ఒకటి రెండు వాక్యాల్లో, ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం, ఎప్పటిలోగా అన్నవి వచ్చేయాలి. "ప్రతిష్ఠ ముహూర్తం లోపు విగ్రహం అప్పగించకపోతే పరువు, డబ్బు రెండూ పోయే ఓ శిల్పి కొడుకు, అందులోని పగులును వినికిడి తగ్గిన తండ్రికి తెలియకుండా దాచిపెట్టి గట్టెక్కాలని చూస్తాడు." ముహూర్తం అనే గడువు ఉంది కాబట్టి కథ తనంతట తానే పరిగెడుతుంది. గడువు లేని కథను పరిగెత్తించడానికి రచయిత ప్రతి సీనులోనూ తోయాల్సి వస్తుంది.

ఈ ఒకటి రెండు వాక్యాల మీద ఎన్ని రోజులు కూర్చున్నా నష్టం లేదు. కూర్చోకపోతే ఏమవుతుందో మన ప్రాంతం గురించి వచ్చిన సినిమాలే చెబుతాయి. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక సీమ అంటే సుమోలు, బాంబులు, తెల్లచొక్కాలు అనే మూస పడిపోయింది. ఆ సినిమాలు తీసినవాళ్లు తమ పని తాము చేశారు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు కూడా నోట్‌బుక్ తెరవగానే సుమో దగ్గరే మొదలుపెట్టడం నాకు బాధగా ఉంటుంది. ఉలి చప్పుడు తెలిసినవాడు, కె.సి. కెనాల్‌లో నీళ్లు ఏ నెలలో వస్తాయో తెలిసినవాడు, తనకు తెలిసింది వదిలేసి, సినిమాలు చూసి నేర్చుకున్న సీమను మళ్లీ సినిమావాళ్లకే చెప్పబోతున్నాడు.

లైన్ కుదిరాక కథను ఎక్కడ మలుపు తిప్పాలో చూసుకోవాలి. అమెరికా రచయిత సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన పుస్తకం నుంచి వచ్చిన లెక్క ప్రపంచమంతా పాకింది: నూట ఇరవై పేజీల స్క్రిప్టులో మొదటి ముప్పై పరిచయానికి, మధ్య అరవై పోరాటానికి, చివరి ముప్పై పరిష్కారానికి. చదివి తెలుసుకోవడం మంచిదే. మనకు మాత్రం మధ్యలో ఇంటర్వెల్ ఉంది. ప్రేక్షకుడు లేచి బయటికి వెళ్లి, టీ తాగి, పక్కవాడితో మాట్లాడి తిరిగి వస్తాడు. అతను ఏ ప్రశ్నతో బయటికి వెళ్లాడన్నది మన రచయితకు ప్రాణం. చాలామంది ఇంటర్వెల్ బ్యాంగ్ అంటే పెద్ద ఫైటో పెద్ద ట్విస్టో అనుకుంటారు. నా దృష్టిలో అక్కడ జరగాల్సింది ఒకటే. కథ అడిగే ప్రశ్న మారాలి.

ఓబులేసు కథలో ఫస్టాఫ్ అంతా "తండ్రికి తెలుస్తుందా?" అన్న ప్రశ్న మీద నడుస్తుంది. ఇంటర్వెల్ దగ్గర తండ్రి ఒంటరిగా విగ్రహం దగ్గరికి వస్తాడు. ఒక చేత్తో సుత్తి పట్టి తడుతూ, రెండో అరచేతిని రాతికి ఆనించి పెడతాడు. చెవికి అందనిది చేతికి అందుతుంది. ఆయనకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పడు. మర్నాడు కొడుకుతో కలిసి మామూలుగా పనిలోకి దిగుతాడు. సెకండాఫ్‌కు కొత్త ప్రశ్న వచ్చింది: తెలిసీ ఈయన ఎందుకు నోరు మెదపడం లేదు? కొడుకు తనంతట తాను చెబుతాడేమోనని ఎదురుచూస్తున్నాడా, లేక కూతురి పెళ్లి ఖర్చు గుర్తొచ్చి తానూ దిగజారుతున్నాడా? ఇద్దరివైపూ న్యాయం ఉంది కాబట్టి ఇక్కడ విలన్ అక్కర్లేదు.

అప్పుడు సీన్ ఆర్డర్. ఒక్కో సీనుకు ఒక్కో అట్టముక్క. పాత పెళ్లిపత్రికల వెనకవైపు చాలు. ఎక్కడ, ఎవరు, సీను మొదట్లో ఉన్న పరిస్థితి చివరికి ఎలా మారింది, ఇంతే రాయాలి. పెద్ద సినిమాకు అరవై డెబ్బై ముక్కలు తేలుతాయి. నేలమీద వరసగా పేర్చి, ఒక్కొక్కటీ తీసి చూడండి. తీసేసినా ముందుదీ వెనకదీ అతుక్కుపోతే ఆ సీను కథకు అక్కర్లేదన్నమాట. ఎంత ముచ్చటపడి రాసినా సరే, పక్కన పెట్టేయాలి. అహోబిలం జాతర చూపించాలని ముచ్చటపడి పెట్టిన సీన్లు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. జాతరలో ఓబులేసుకు ఆ ఊరి పెద్ద ఎదురై, విగ్రహం చూడటానికి రేపే వస్తున్నామని చెబితే మాత్రం ఆ సీను నిలుస్తుంది.

ఇంత అయ్యాక సీన్లు రాయాలి. పైన సీను నంబరు, చోటు, లోపలా బయటా, పగలా రాత్రా. కింద జరిగేది, వర్తమాన కాలంలో. ఇలా:

సీన్ 9. శిల్పాల షెడ్డు. లోపల. తెల్లవారుజాము.

పూర్తి కావచ్చిన నరసింహస్వామి విగ్రహం. ఓబులేసు చిన్న సుత్తితో కిరీటం మీద తడతాడు. ఖంగుమంటుంది. భుజం మీద తడతాడు. ఖంగుమంటుంది. ఛాతీ పక్కన తడతాడు. మొద్దు శబ్దం. చెయ్యి ఆగుతుంది. మళ్లీ అక్కడే, మెల్లగా. అదే శబ్దం. వెనక్కి తిరుగుతాడు. గడప దగ్గర తండ్రి ఉలికి పదును పెడుతున్నాడు.

ఓబులేసు: నాయనా...

తండ్రి తలెత్తడు. ఓబులేసు ఒక్క క్షణం చూసి, భుజం మీది తువ్వాలు తీసి విగ్రహం మీద కప్పుతాడు.

పగులుందని తెలిసింది, తండ్రికి వినపడదని తెలిసింది, కొడుకు దాచాలనుకున్నాడని తెలిసింది. మాట్లాడింది ఒక్క మాట. కొత్తగా రాసేవాళ్లు ఇదే సీనులో ఓబులేసు చేత తనలో తాను పది వాక్యాలు మాట్లాడిస్తారు.

మాటలు రాయాల్సిన చోట మన యాసను నమ్మండి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వచ్చే దారిలోనే శిరివెళ్ల ఉంది, జయప్రకాశ్‌రెడ్డి పుట్టిన ఊరు. లెక్కల మాస్టారుగా పనిచేసి, నాటకాలాడి, సినిమాల్లోకి వెళ్లిన మనిషి. 2020లో కన్నుమూశారు. ఆయన నోట సీమ మాట బతికింది పలుకుబడి వల్ల, అంటే వాక్యం ఎక్కడ విరగాలో ఆయనకు తెలుసు. ప్రతి వాక్యానికీ 'అప్పా', 'రా' తగిలిస్తే యాస రాదు. "వాళ్లు రేపు బండి పంపిస్తామన్నారు నాయనా" అని కొడుకంటే, "రానీలే" అని తండ్రి అంటాడు. ఆ 'రానీలే'లో ఆయనకు తెలుసా తెలియదా అన్న అనుమానమంతా ఉంది.

నిడివి సంగతి. ఇంగ్లీషు స్క్రిప్టుకు పేజీకి ఒక నిమిషం అని లెక్క ఉంది. అది వాళ్ల టైపు అక్షరాలకు కుదిరిన లెక్క. మన చేతిరాతకు, తెలుగు ఫాంట్లకు పనిచేయదు. గడియారం పెట్టుకుని, మౌనాలకు కూడా సమయం ఇస్తూ బయటికి చదవడం ఒక్కటే దారి. షూటింగుకు ముందే ఇలా చదివించి, సినిమా ఎంత నిడివి వస్తుందో కె.వి.రెడ్డి లెక్కకట్టేవారని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పేవారు. సీన్ 9 కాగితం మీద ఏడెనిమిది వరసలే. తెరమీద నిమిషం దాటుతుంది.

సొంత కథ కాక నవల నుంచి రాయాలనుకుంటే మన నల్లమల మీద వచ్చిన 'కొండపొలం' చదివి, తర్వాత సినిమా చూడండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలను క్రిష్ 2021లో సినిమాగా తీశారు. నవలలో లేని ఓబులమ్మ సినిమాలోకి వచ్చింది. ఎందుకు కావాల్సి వచ్చింది, ఆమె లేకపోతే ఎలా ఉండేది అని ఆలోచిస్తే ఒక నెల క్లాసుకు వెళ్లినంత నేర్చుకోవచ్చు. తెలుగులో చదువుకోవడానికి పరుచూరి గోపాలకృష్ణ రాసిన 'తెలుగు సినిమా సాహిత్యం: కథ, కథనం, శిల్పం' ఉంది. నవల ఎవరిదైనా రచయిత అనుమతి కాగితం మీద తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ఇంకొక భయం అందరిలోనూ ఉంటుంది: చెబితే కథ కొట్టేస్తారేమోనని. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, ఆలోచనకు కాపీరైటు లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంది. కాబట్టి "శిల్పి, పగిలిన విగ్రహం" అని నోటితో చెప్పిన ఐడియాకు రక్షణ దొరకదు. సీన్లతో, మాటలతో రాసిన స్క్రిప్టుకు దొరుకుతుంది. రాసింది రిజిస్టరు చేయించుకోవడానికి కాపీరైటు కార్యాలయం ఉంది, హైదరాబాద్‌లో రచయితల సంఘం ఉంది. నేరేషన్ ఇవ్వడానికి వెళ్లేది ఆ తర్వాతే.

మొదటిసారి రాసేవాళ్లు రెండున్నర గంటల కథకు పోకుండా ఇదే కథలో పది నిమిషాల ముక్క తీసుకోండి. సీన్ 9తో మొదలై తండ్రి అరచెయ్యి రాతికి ఆనించేదాకా అయితే నాలుగైదు సీన్లు. రాశాక స్నేహితులకంటే ముందు షెడ్డులో పనిచేసేవాళ్లకు చదివి వినిపించండి. పూర్తి కావచ్చిన విగ్రహాన్ని అలా సుత్తితో ఎవరూ తట్టరని వాళ్లంటే, మరి ఎలా చూస్తారో అడిగి రాసుకుని, ఆ సీనును కొట్టేసి మళ్లీ రాయండి.