డిగ్రీ ముగిసిన పిమ్మట ఏమి చదువవలెను?
(మెట్ట ప్రాంతపు రైతు కుటుంబములకు, గ్రామాధికారులకు కొన్ని సూచనలు)

రాచర్ల, గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతముల రైతు సోదరులకు వానను నమ్ముకొని చేయు సేద్యమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. బోరు వేయదలచిన రైతు ముందుగా నీటి జాడ చూపించును. ఇరుగు పొరుగు బోర్ల లోతు విచారించును. చేతనున్న సొమ్ము లెక్క చూచుకొనును. అంతకు మించిన పెట్టుబడియైన పిల్లల పైచదువు విషయమున మాత్రము, “పక్కింటి అబ్బాయి చేరినాడు, మనవాడును చేరవలెను” అని ఒక్క పూటలో నిర్ణయించుట పలుచోట్ల కనబడుచున్నది. ఎండిన బోరు ఒక వేసవి నష్టము. తగని చదువు నాలుగైదేండ్ల కాలమును, ఒక్కొక్కప్పుడు ఎకరము చేనును కూడ తినివేయును.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు, త్రోవలే తక్కువ. గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆంధ్ర ప్రాంతమున బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఏర్పడినది. రాష్ట్ర విభజన పిమ్మట దాని కేంద్రము గుంటూరు వద్ద లాములో ఉన్నది. నేడు త్రోవలు అనేకము. కావున ఎంపిక చేయు నేర్పు మనకు కావలెను.

మొదట విద్యార్థి మాట వినుడు

చేను చూచి పైరు నిర్ణయించినట్లు, విద్యార్థిని చూచి చదువు నిర్ణయించవలెను. కోపము లేకుండ, తొందర లేకుండ, ఈ మూడు ప్రశ్నలు వేయుడు.

1. ఎవరును బలవంతము చేయకున్నను నీవు ఇష్టముగా చదివిన పాఠ్యాంశమేది? అందు మార్కులెట్లు వచ్చినవి?
2. పల్లెలో ఉండి పనిచేయుట నీకు సమ్మతమా, పట్టణమే కావలెనా?
3. కోరిన ఉద్యోగము రెండేండ్లలో రానిచో ఏమి చేయుదువు?

మూడవ ప్రశ్నకు జవాబు లేని చదువును మరల ఆలోచింపవలెను. ఏ వృత్తిని కోరుచున్నాడో ఆ వృత్తిలోనున్న వారి వద్దకు ఒక దినము పంపుడు. ఉపాధ్యాయుడు కాగోరువానిని బడికి, వ్యవసాయ శాఖలో చేరగోరువానిని రైతు సేవా కేంద్రమునకు పంపినచో, పుస్తకములలో కనబడని కష్టసుఖములు అచట తెలియును.

ఉన్న త్రోవలు

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు ఇ.ఎ.పి.సెట్ పరీక్ష వ్రాసి నాలుగేండ్ల బి.ఎస్సీ. వ్యవసాయ పట్టమునకు, ఉద్యాన విద్యకు పోవచ్చును. ఎం.పి.సి. వారికి వ్యవసాయ ఇంజనీరింగు కలదు. పదవ తరగతితోనే రెండేండ్ల వ్యవసాయ డిప్లొమాలో చేరినవారికి అగ్రిసెట్ ద్వారా పట్ట విద్యలో ప్రవేశించు వీలున్నది. గ్రామములలో చదివిన రైతు బిడ్డలకు వ్యవసాయ కళాశాలలలో కొన్ని సీట్లు ప్రత్యేకించుదురు. దానికి కావలసిన భూమి, చదువు నిబంధనలను ఆ యేటి ప్రకటనలో చూచుకొనవలెను.

సాధారణ డిగ్రీ వారికి ఉపాధ్యాయ వృత్తికై ఎడ్‌సెట్, న్యాయశాస్త్రమునకై లాసెట్, ఎం.బి.ఎ., ఎం.సి.ఎ.లకై ఐసెట్, ఎం.ఎ., ఎం.ఎస్సీ.లకై పి.జి.సెట్ కలవు. ఒక విషయము గుర్తుంచుకొనవలెను: రసాయన శాస్త్రము వంటి సాధారణ బి.ఎస్సీ. చదివినవారికి వ్యవసాయ ఎం.ఎస్సీ.లో ప్రవేశము దొరకదు. దానికి వ్యవసాయ పట్టమే ఆధారము. ఇది తెలియక డిగ్రీ ముగిసిన పిదప విచారించి ప్రయోజనము లేదు.

వ్యవసాయ పట్టభద్రులకు, డిప్లొమా వారికి ఇంకొక త్రోవ కలదు. 2002లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన అగ్రి క్లినిక్కుల పథకము క్రింద శిక్షణ పొంది, బ్యాంకు ఋణముతో భూసార పరీక్ష, విత్తనములు, పనిముట్ల అద్దె వంటి సేవలు తమ ఊరిలోనే నడుపుకొనవచ్చును.

ఖర్చు లెక్క కాగితముపై వేయుడు

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. హాస్టలు, పుస్తకములు, రాకపోకలు అన్నియు కలుపవలెను. ఉదాహరణకు ఏడాదికి అన్నియు కలిపి 80 వేల రూపాయలగుచో, నాలుగేండ్లకు 3 లక్షల 20 వేలు. ఆ మొత్తమును ఒక మంచి పంట ఏట, ఒక కరువు ఏట మీ చేతికి వచ్చు మిగులుతో పోల్చుడు. కరువు ఏట కూడ చెల్లింపగల చదువే క్షేమము. కళాశాల వారి మాటపై ఆధారపడక, అచట క్రిందటేడు ముగించిన ఇద్దరు ముగ్గురిని కలిసికొని ఇపుడేమి చేయుచున్నారో అడుగుడు.

భూమి అమ్ముటకు ముందు బ్యాంకు విద్యా ఋణమును విచారింపుడు. 4 లక్షల లోపు ఋణమునకు సాధారణముగా ఆస్తి తాకట్టు అడుగరు. వాయిదాలు చదువు ముగిసి ఒక సంవత్సరమైన తరువాత మొదలగును. వడ్డీ మాత్రము అంతకు ముందునుండియే లెక్కకు వచ్చును. కాని చేను ఒకసారి చేయి దాటినచో తిరిగి వచ్చుట కష్టము.

ఆడపిల్ల చదువు

“కుమారుని చదువు ఇంటికి, కుమార్తె చదువు పొరుగింటికి” అను తలంపుతో డిగ్రీతోనే ఆడపిల్లలను మాన్పించుట తగదు. ఇద్దరిని ఒకే లెక్కతో తూచుడు. దూరము, వసతి గూర్చిన భయమున్నచో తల్లిని వెంటబెట్టుకొని హాస్టలును స్వయముగా చూచి రండు. చూడకయే వద్దనుట న్యాయము కాదు.

గ్రామాధికారులు చేయదగిన సహాయము

కుల, ఆదాయ, భూమి ధ్రువపత్రములు సకాలమున అందక సీటు పోగొట్టుకొను విద్యార్థులు కలరు. “అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు” అన్న సామెత దరఖాస్తులకును చెల్లును. పరీక్షలు ముగియకముందే ఊరిలో చివరి సంవత్సరము చదువు పిల్లల పట్టిక వ్రాసికొని, వారికి కావలసిన పత్రములను ముందుగా సిద్ధపరచుడు. ప్రవేశ ప్రకటనల తేదీలను సచివాలయము గోడపై పెద్ద అక్షరములతో అంటింపుడు.

చివరగా ఒక మాట. చదువుకొని సేద్యమునకు మరలివచ్చిన బిడ్డను చూచి, “ఇందుకేనా ఇంత చదివినది?” అని ఎవరును అనరాదు. ఆచార్య ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి వచ్చి తన జీవితమును రైతు ఉద్యమమునకు అర్పించినారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయము నేడు ఆయన పేరనే నడచుచున్నది. కావున ఈ వారములోనే ఒక సాయంకాలము కాగితము, కలము తీసుకొని, బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని, పై మూడు ప్రశ్నలతో ప్రారంభింపుడు.