ఎండాకాలంలో పచ్చికకు నీరు

ఇంటి ముందు పచ్చిక రెండు దారుల్లో నీటిని కోల్పోతుంది. కొంత నేల మీది నుంచి ఆవిరవుతుంది, కొంత ఆకుల్లోని పత్రరంధ్రాల గుండా గాలిలోకి పోతుంది. కృష్ణ కుడిగట్టునున్న కొల్లిపర, తెనాలి ప్రాంతంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటి, వడగాలి తోడైన రోజుల్లో ఈ నష్టం సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఆ లెక్కన 120 గజాల, అంటే సుమారు 100 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 500 లీటర్లు కావాలి.

అంతమాత్రాన రోజూ నీరు పెట్టనక్కర లేదు. రోజూ పైపైన తడిపితే ఆ తడి పై పొరలోనే ఉండి మధ్యాహ్నానికి ఆరిపోతుంది, వేళ్లు కూడా పైపైనే ఉండిపోతాయి. జానెడు లోతు నానేలా పెట్టి, మళ్లీ ఆరనిస్తే వేళ్లు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి.

తడికీ తడికీ మధ్య ఎన్ని రోజులుండాలో నేల తీరును బట్టి ఉంటుంది. ఏటి ఒడ్డు ఇసుక నేలల్లో, బాపట్ల తీరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి మొక్కకు అందేలా పట్టి ఉంచే నీరు సుమారు 10 మిల్లీమీటర్లే. అక్కడ రెండు రోజులకోసారి పెట్టాలి. నల్లరేగడిలో అది 25 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఐదు రోజులు ఆగవచ్చు. రేగడి నీటిని నెమ్మదిగా పీల్చుతుంది. అందుకే కొంత పెట్టి, ఇంకాక మిగతాది పెట్టాలి.

పైపు నీటిని కొలవడం తేలిక. 15 లీటర్ల బకెట్ నిమిషంలో నిండితే, 100 చదరపు మీటర్లకు 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి సుమారు 67 నిమిషాలు పడుతుంది. తొక్కిన చోట గడ్డి వెంటనే పైకి లేవకపోయినా, ఆకులు ముడుచుకున్నా తడి పెట్టే వేళయినట్టే.

తెల్లవారుజాము ఇందుకు అనువైన సమయం. మధ్యాహ్నం పెడితే ఆవిరి నష్టం ఎక్కువ. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి. వేసవిలో గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచాలి. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు.

రేపల్లె వైపు సముద్రానికి దగ్గరైన ఊళ్లలో బోరు నీటిలో ఉప్పు ఉంటుంది. అలాంటి నీటిని ఆకుల మీద చల్లకుండా నేలకే పారించాలి. నీరు దిగే నేలైతే అప్పుడప్పుడూ ఎక్కువగా పెడితే ఉప్పు వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది. గరిక ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది.

నీరు చాలకపోతే గరిక పైన ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. నేలలోని కాండాలు మాత్రం బతికే ఉండి, జూన్ వానలకు మళ్లీ చిగురిస్తాయి. కాలువలు కట్టేసి, బోర్ల మీదే ఆధారపడే నెలల్లో గరిక పచ్చికను అలా ఎండనిచ్చి, ఆ నీటిని తాగడానికీ పెరటి కూరమొక్కలకూ మిగల్చడమే సరైన పని.