పతకాల కోటు, సింహం తల: మాక్స్ ఎర్నెస్ట్ కొలాజ్‌లు ఏం చెబుతున్నాయి?

కోటు మీద పతకాలు, మెడపైన సింహం తల. 19వ శతాబ్దపు ఐరోపా వీధుల్లో, గదుల్లో ఇలాంటి మనుషులను నిలబెట్టిన సర్రియలిస్టు కళాకారుడు మాక్స్ ఎర్నెస్ట్.

1933లో ఇటలీలో ఉండగా, సుమారు మూడు వారాల్లో ఆయన ఈ కొలాజ్‌లు చేశారు. పాత ఫ్రెంచ్ చవక నవలల్లోని చెక్క అచ్చు బొమ్మలను కత్తిరించి, ఒకదానిపై మరొకటి అతికించారు. ఆ బొమ్మలన్నీ సన్నని నల్ల గీతలతో ఒకే తీరులో ఉంటాయి. అందుకే అచ్చయ్యాక అతుకులు కనిపించవు. మామూలు వీధే పీడకలలా మారిపోతుంది.

మొత్తం 182 బొమ్మలు. ‘యూన్ సెమేన్ ద బోంతే’ (ఒక మంచితనపు వారం) పేరుతో 1934లో పారిస్‌లో ఐదు భాగాలుగా వెలువడ్డాయి. అందులో ఆదివారానికి గుర్తు బెల్‌ఫోర్ సింహం. 1870-71 యుద్ధంలో ప్రష్యా ముట్టడిని తట్టుకున్న బెల్‌ఫోర్ పట్టణం కోసం శిల్పి బార్తోల్దీ రూపొందించిన విగ్రహమది. పారిస్ కూడలిలోనూ దాని ప్రతిరూపం ఉంది. ఆ వీర చిహ్నాన్నే ఎర్నెస్ట్ హింసించే పెద్దమనిషిగా చూపారు.

అదే 1933లో ఆయన పుట్టిన జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. 1939లో యుద్ధం మొదలయ్యాక, ఫ్రాన్స్ ఎర్నెస్ట్‌ను శత్రుదేశస్థుడిగా నిర్బంధించింది. అధికారం తొడుక్కునే ముఖం ఎలాంటిదో ఆయన అప్పటికే గీతల్లో చూపించి ఉన్నారు.