పెరడు, వంటిల్లు, ముంగిలి: అస్సామీయుల ఇంటి జీవితం

అస్సామీ భాషలోని ‘బారి’ అనే మాటను తెలుగులో ‘పెరడు’ అని అనువదించడం పరిపాటి. హిందీలో దానికి దగ్గరి మాట ‘బాడీ’. అర్థంలో పెద్ద దోషం లేదు గాని, పెరడు అనగానే మన మనస్సుకు తట్టేది ఇంటి వెనుక నాలుగు కూరపాదులు, ఒక కరివేపచెట్టు, ఒక నుయ్యి. అస్సామీయుల బారి ఇంతకంటె చాలా విశాలమైనది. ఇల్లు ముందు, తోట వెనుక అనే విభజన అక్కడ లేదు. తోట నడుమ ఇల్లు ఉంటుంది. తినే కూర, వేసుకొనే తాంబూలం, ఇంటికి కావలసిన వాసాలు, మగ్గానికి నూలు ఇచ్చే పట్టుపురుగుల మేత, పండుగనాడు మ్రోగే వాద్యానికి కావలసిన వెదురు, అన్నీ ఆ నేలనుండే లభిస్తాయి. అందువల్ల అస్సామీయుల వంటను గురించి గాని, సంగీతాన్ని గురించి గాని చెప్పదలచినవారు ముందు బారిని గురించి చెప్పక తప్పదు.

గ్రామంలోని మార్గం నుండి ఇంటి ఆవరణలోకి దారితీసే ప్రవేశాన్ని ‘పొదూలి’ అంటారు. దానిని దాటితే అలికి శుభ్రంగా ఉంచిన ముంగిలి, అంటే ‘సొతాల్’, కనిపిస్తుంది. దాని చుట్టూ నివాసగృహం, ధాన్యపు కొట్టు, పశువుల కొట్టం ఉంటాయి. కాలితో తొక్కి వడ్లు దంచే ‘ఢెంకి’ ఒక ప్రక్కన, స్త్రీలు నేసే మగ్గం మరొక ప్రక్కన ఉంటాయి. ఆవరణలో చిన్నదో పెద్దదో ఒక చెరువు ఉంటుంది. చేపలకు, స్నానానికి, తోటకు అదే ఆధారం. వీటన్నిటినీ చుట్టుకొని వక్క, అరటి, పనస, నిమ్మ, వెదురు పొదలు, కూరగాయల పాదులు అంతస్తులు అంతస్తులుగా పెరుగుతాయి. ఆముదపు మొక్కలు కూడా తరచుగా కనిపిస్తాయి. అవి నూనె కోసం కాదు. ‘ఏరి’ పట్టుపురుగులకు ఆ ఆకే ఆహారం.

ఈ తోటలో అగ్రస్థానం వక్కచెట్టుదే. వక్కను అస్సామీయులు ‘తామూల్’ అంటారు. మన ‘తాంబూలం’ ఆ మాటలో స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నది. మన ప్రాంతంలో తమలపాకు తీగను అవిశె చెట్లకు ప్రాకిస్తారు. అస్సాములో దానిని వక్కచెట్టుకే ప్రాకిస్తారు. ఆకు, వక్క రెండూ ఒకే కాండం మీద లభించడం వల్ల స్థలం కలిసివస్తుంది. అతిథి రాగానే తామూల్, పాన్ అందించడం అక్కడ మర్యాదలలో మొదటిది. వివాహానికి పిలిచినా, పెద్దలను క్షమాపణ కోరినా, గ్రామసభలో ఒక కోరికను విన్నవించినా ముందు ఆ పళ్ళెం పెట్టవలసిందే. కనుక వక్కచెట్టును కేవలం ఆదాయం దృష్టితో లెక్కించరాదు.

ఇక వంటింటి మాట. అస్సామీయుల వంట మన వంటతో పోలిస్తే ఎంతో సరళం. మసాలాలు స్వల్పం, నూనె స్వల్పం, వండే సమయమూ స్వల్పమే. అన్నం, ఆకుకూర, చేప, పప్పు ప్రధానం. భోజనం సంప్రదాయంగా ‘ఖార్’ అనే వంటకంతో ఆరంభమై, ‘టెంగా’ అనే పుల్లని పులుసుతో ముగుస్తుంది.

ఖార్ అనగానే తెలుగు పాఠకుడు కారమని భ్రమపడవచ్చు. దానిలో మిరపకాయకు ప్రాధాన్యం లేదు. సంస్కృతంలోని ‘క్షారం’ అస్సామీలో ఖార్ అయినది. అది నిజంగా క్షారమే. గింజలు గల ‘భీమ్‌కల్’ అనే జాతి అరటి అక్కడ బారిలో విరివిగా పెరుగుతుంది. దాని కాయల తొక్కలను ఎండబెట్టి కాల్చి బూడిద చేస్తారు. కాండాన్నీ, దుంపనూ కూడా ఇందుకు వాడుతారు. ఆ బూడిదను నీటిలో నానబెట్టి, వడగట్టగా తేరుకొన్న గోధుమవర్ణపు ద్రవమే వంటలో వాడే ఖార్. దానిలో పొటాషియం లవణాలు అధికంగా ఉంటాయి. పచ్చి బొప్పాయి, సొరకాయ, మినప్పప్పు, చేప తల, వీటిలో దేనితోనైనా దీనిని చేర్చి వండుతారు. క్షారగుణం వల్ల కూర త్వరగా మెత్తబడుతుంది. మన ఇళ్ళలో పప్పు ఉడకనప్పుడు చిటికెడు వంటసోడా వేసే గృహిణి చేసేది కూడా ఇదే పని. దించిన తరువాత పైన కొద్దిగా పచ్చి ఆవనూనె చల్లుతారు. మొదటిసారి తిన్నవారికి ఆ రుచి వింతగా తోచవచ్చు. ఉప్పు, పులుపు, కారం, తీపి అనే మన పరిచిత రుచులలో అది దేనికీ సరిపోదు.

ఈ వంటకానికి చరిత్రలోనూ ఒక ఆధారం ఉన్నది. సముద్రానికి దూరంగా ఉన్న అస్సాముకు ఉప్పు సులభంగా లభించేది కాదు. అహోము రాజుల కాలంలో దానిలో ఎక్కువ భాగం బెంగాలు నుండి పడవలపై వచ్చేది. సామాన్యునికి అది ఖరీదైన వస్తువు. బూడిద నీరు మాత్రం ఎవరి పెరటిలోనైనా దొరికేది. ఆ ద్రవంతోనే బట్టలు ఉతికేవారు, తల అంటుకొనేవారు. మన చాకలివారు చౌడును వాడినట్లే ననుకోవచ్చు. ‘ఖార్ తినే అస్సామీ’ అని తమను తాము పరిహాసంగా చెప్పుకోవడం వారికి అలవాటు. ఆ పరిహాసంలో గర్వం పాలు ఎక్కువ.

టెంగా విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. టమాటా, నిమ్మ, ‘థెకెరా’ ఎండు ముక్కలు, లేదా గట్టి పెంకులాంటి పొరలుగల ‘ఔటెంగా’ అనే పెద్ద పుల్లని కాయ, వీటిలో ఒకదానితో పలుచని చేపల పులుసు కాస్తారు. వేసవి మధ్యాహ్నం దానికి మించినది లేదు. ఉడికించిన బంగాళాదుంపను ఉల్లి, పచ్చిమిర్చి, పచ్చి ఆవనూనెలతో చేతితో చిదిమితే ‘పిటికా’ అవుతుంది. నిప్పు సెగ అక్కరలేని ఫలహారం కూడా ఒకటి ఉన్నది. ‘కోమల్ సావుల్’ అనే బియ్యాన్ని నీటిలో నానబెడితే చాలు, వండకుండానే అన్నంవలె మెత్తబడుతుంది. పెరుగు, బెల్లం కలుపుకొని తిని రైతు పొలానికి వెళ్ళిపోతాడు.

ఆకుకూరల విషయంలో అస్సామీ గృహిణి పరిజ్ఞానం ఆశ్చర్యకరమైనది. వసంతంలో వచ్చే బొహాగ్ బిహు పండుగనాడు 101 రకాల ఆకులను కలిపి వండాలని ఆచారం. ఈనాడు అన్ని రకాలనూ సేకరించగలవారు అరుదు. అయినా వృద్ధస్త్రీలు గంపలు పట్టుకొని బారి అంచులలో, చెరువు గట్లపై వెదకడం మానలేదు. వారు కోసే ఆకులలో మన పొన్నగంటికూర ఉన్నది, మండూకపర్ణి ఉన్నది. మనం తినని ‘ఢెకియా’ అనే వంకర చిగుళ్ళ మొక్క కూడా ఉన్నది. వీటిలో చాలావాటిని ఎవరూ విత్తరు. కలుపు అని పీకివేయకపోవడమే వాటికి చేసే సేద్యం. తోటపనిలో ఏది నాటాలన్నది ఎంత ముఖ్యమో, ఏది వదలివేయాలన్నది అంత ముఖ్యమని తెలిసినవారు గనుకనే ఆ ఆచారం ఇంతకాలం నిలిచింది.

అస్సామీయులకు ఏడాదిలో బిహులు మూడు. జనవరి మధ్యలో వచ్చే మాఘ్ బిహు పంట ఇంటికి చేరిన తరువాతి విందు. తెల్లవారుజామున ‘మేజి’ అనే మంట వేస్తారు. మన భోగిమంట గుర్తుకు రాక మానదు. అక్టోబరులో కాతి బిహు నాటికి కొట్లు ఖాళీగా ఉంటాయి. కనుక ఆనాడు విందు లేదు, పాట లేదు. తులసి వద్ద, వరిచేలో ఒక్కొక్క దీపం పెడతారు. ఏప్రిల్ మధ్యలో వచ్చే బొహాగ్ బిహు మొదటి దినం పశువులది. వాటిని మినుములు, పసుపు నూరిన ముద్దతో రుద్ది కడిగి, సొరకాయ, వంకాయ ముక్కలు వాటిపైకి విసురుతూ అభివృద్ధి చెందమని పాటలు పాడి, సాయంత్రం కొత్త పలుపుత్రాళ్ళు కడతారు. మన కనుమ పండుగను చూచినవారికి ఇది పరాయిదిగా తోచదు.

అటుపిమ్మట ‘హుసొరి’ ఆరంభమౌతుంది. గ్రామంలోని పురుషులు బృందంగా బయలుదేరి, ఇంటింటి ముంగిలికీ వచ్చి, వలయాకారంగా నిలిచి పాడుతూ ఆడుతారు. మొదట దైవస్తుతి, తరువాత వేగం పుంజుకొనే బిహు పదాలు. ఇంటివారు ‘శరాయి’ అనే కాళ్ళుగల కంచు పళ్ళెంలో తామూల్, పాన్, కొంత ద్రవ్యం పెట్టి, ‘గామొసా’ అనే ఎర్ర అంచు తెల్లని నేతవస్త్రంతో సమర్పిస్తారు. గామొసాకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. బృందం ఆ కుటుంబాన్ని దీవించి మరో ఇంటికి సాగిపోతుంది. వచ్చిన ద్రవ్యాన్ని పలుచోట్ల గ్రామపు నామ్‌ఘర్ కోసం, ఉమ్మడి పనుల కోసం వినియోగిస్తారు. మన హరిదాసు ఒంటరిగా వచ్చి ఇంటిని దీవిస్తాడు. హుసొరిలో ఊరు ఊరంతా వచ్చి దీవిస్తుంది.

వాద్యాలలో ముఖ్యమైనది ‘ఢోల్’. దాని ఒక ముఖాన్ని వెదురు పుల్లతోను, రెండవ ముఖాన్ని అరచేతితోను వాయిస్తారు. ‘పెపా’ను గేదె కొమ్ముతో చేస్తారు. ‘టకా’ అంటే చీల్చిన వెదురు గడ. అరచేతికి తట్టితే టకటక మ్రోగుతుంది. వెదురు బద్దతోనే చేసే ‘గగనా’ను పళ్ళ మధ్య ఉంచి వ్రేలితో మీటుతారు. స్త్రీలు వాయించే సన్నని గగనాను వాయించనప్పుడు కొప్పులో తురుముకొంటారు. తాళాలు తప్ప ఈ వాద్యాలకు కావలసిన సామగ్రి బారిలోనో, పశువుల కొట్టంలోనో దొరికేదే. నాగలికి బదులు ట్రాక్టరు వచ్చి గేదెలు తగ్గినచోట మంచి పెపా దొరకడం కూడా కష్టమౌతున్నది. ఒక యంత్రం పొలంలోకి వస్తే పండుగ వాద్యం మూగబోవచ్చునని ముందుగా ఎవరు ఊహించగలరు?

బిహు రాజాదరణ పొందడం కొత్త కాదు. శివసాగర్‌లోని ఇటుకల రంగఘర్‌ను కట్టించిన ప్రమత్త సింహుడు 1744 నుండి 1751 వరకు పాలించిన అహోము రాజు. ఆధునిక కాలంలో 1952లో గువాహటిలోని లతాశిల్ మైదానంలో వేదికపై బిహు ఆరంభమైనది. 2023 ఏప్రిల్‌లో అదే నగరంలో 11,304 మంది నర్తకులు, వాద్యకారులు ఒక్కచోట ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. వేదిక వల్ల మేలు జరిగింది. నగరవాసులకు, స్త్రీలకు, ఇతర ప్రాంతాలవారికి బిహు అందుబాటులోకి వచ్చింది. అయితే వేదికపై పాడేవాడు తన ఎదుట ఉన్నవారు ఎవరో ఎరుగడు. ముంగిలిలో పాడేవాడికి ఆ ఇంట ఎవరు జబ్బుపడి లేచారో, ఎవరికి బిడ్డ పుట్టిందో తెలుసు. దీవెన ఆ మేరకు మారుతుంది. ఈ రెండింటినీ ఒకే కొలతతో తూచడం ఈ వ్యాసకర్తకు సమ్మతం కాదు.

పండుగ లేని దినాలలో నామ్‌ఘర్ ఉన్నది. శంకరదేవుడు (1449–1568) నెలకొల్పిన భక్తి సంప్రదాయంలో, ఖోల్, తాళాల తోడి నామకీర్తన సాయంకాలపు అలవాటు. తేయాకు తోటల కార్మికుల నివాసాలలో మాదల్ మ్రోతకు ఝుమూర్ పాటలు పాడుతారు. పూర్వపు మద్రాసు రాజధానిలోని తెలుగు ప్రాంతాల నుండి వలసవెళ్ళినవారి సంతతి కూడా ఆ తోటలలో ఉన్నారు. వరుస గృహాలలో నివసించే ఆ కార్మికులకు బారి వంటి విశాలమైన ఆవరణ సాధారణంగా ఉండదు.

బారి ఉన్నవారికి దానిని నిలుపుకోవడం వేరొక సమస్య. వరద వచ్చి పోతుంది. పోతూ ఒండ్రు వదలిపోతుంది. ఒరుసుకొనే నది అలా కాదు, నేలనే తీసుకొనిపోతుంది. 1950 ఆగస్టు 15న సంభవించిన మహాభూకంపం వల్ల కొండచరియలు విరిగి, ఆ మట్టి చేరి బ్రహ్మపుత్ర గర్భం పూడి పైకి లేచింది. నాటి నుండి రాష్ట్రం నదుల కోతకు కోల్పోయిన భూమి ప్రభుత్వపు లెక్కల ప్రకారం 4.27 లక్షల హెక్టార్లు. ఇది గోవా రాష్ట్రపు విస్తీర్ణం కంటె ఎక్కువ. 2016లో జిల్లాగా ఏర్పడిన మాజులీ ద్వీపం ఈ కోతకు ప్రసిద్ధమైన ఉదాహరణ. చాలాకాలం వరద నష్టానికి లభించే సహాయం నేలకోతకు లభించేది కాదు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత బాధితుల పునరావాసాన్ని కూడా పరిగణనలోకి తీసుకొన్నది.

అలా నేల కోల్పోయిన కుటుంబం కరకట్టపైనో, ప్రభుత్వం చూపిన స్థలంలోనో గుడిసె వేసుకొంటుంది. సొర, గుమ్మడి పాదులు ఒకే ఋతువులో కాస్తాయి. అరటి పిలక ఏడాది, ఏడాదిన్నరలో గెల వేస్తుంది. అప్పటికి ఖార్‌కు బూడిద సమకూరుతుంది. వెదురు పొద నరకడానికి వీలుగా పెరగాలంటే నాలుగైదేళ్ళు పడుతుంది. వక్క మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు కావాలి. అంతవరకు, ముంగిలికి వచ్చిన హుసొరి బృందానికి శరాయిలో పెట్టవలసిన తామూల్‌ను సంతలో కొని తెచ్చుకోవలసిందే.