వదిలినవి, వెంట తెచ్చుకున్నవి

ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ల మాటలు చాలావరకు ఒకే బాటలో నడుస్తాయి. ఒకప్పుడు తాగేవాణ్ని, ప్రభువు పట్టుకున్నాడు, మానేశాను. అందరూ ఆమెన్ అంటారు, ఆయన కూర్చుంటాడు. మానేసిన తర్వాత సాయంత్రాలు ఎలా గడిచాయి, పాత స్నేహితులు ఎదురుపడితే ఏం చెప్పుకున్నాడు, ఇంట్లోవాళ్లు నమ్మడానికి ఎన్నాళ్లు పట్టింది... ఆ నడిమి భాగం మటుకు ఎవరూ చెప్పరు. విశ్వాసం గట్టిపడేది అక్కడే అని నా అభిప్రాయం. ఒంగోలు క్రైస్తవ సంఘం చరిత్ర చదివితే అది ఇంకా బలపడుతుంది.

ఒంగోలుకు పడమరగా తాళ్లకొండపాడు. అక్కడి మాదిగపల్లెకు చెందినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసేవాడు, అంతకు మించి సాధకుడు. పోతులూరి వీరబ్రహ్మం తత్వాలు పల్లెపల్లెకూ చేరిన కాలమది. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన పేరయ్యకు రాజయోగం నేర్పింది వీరమ్మ అనే స్త్రీ గురువు. దేవుడు ఒక్కడేననీ, ఆయన రాతిబొమ్మలో ఉండడనీ క్రైస్తవ బోధకుల ముఖం చూడకముందే అతనికి తెలుసు. బేరం మీద గోదావరి వైపు వెళ్లినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. తర్వాత నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ చేతుల మీదుగా భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఇలాంటి కథల్లో మనం సాధారణంగా పాతదంతా చీకటి, కొత్తదంతా వెలుగు అని గీత గీసేస్తాం. పేరయ్య విషయంలో ఆ గీత నిలవదు. కళ్లు మూసుకుని గంటల తరబడి కూర్చునే ఓపిక యోగంలో వచ్చిందే, అది ప్రార్థనలోకి వచ్చింది. గురువు శిష్యుణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పే తీరు సువార్తలోకి వచ్చింది. తోళ్ల కోసం తిరిగి తిరిగి ఎరిగిన ఊళ్లు, చుట్టరికాలు, అన్నీ పనికొచ్చాయి. ఆ ప్రాంతపు సంఘాలకు పునాది వేసింది అమెరికా దొరల ప్రసంగాలకంటే పేరయ్య కాలినడకేనని చెప్పినా తప్పులేదు.

వదలవలసినవి మాత్రం చాలా ఖరీదైనవి. కొత్త విశ్వాసులకు చెప్పిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద చిన్నవే. ఊళ్లో మాదిగ కుటుంబం బతుకంతా ఆ మూడింటి చుట్టూనే అల్లుకుని ఉండేది. రైతుకు చెప్పులు, మోటకు తోలు సంచి కుట్టివ్వాలి. గొడ్డు చస్తే మోసుకుపోవాలి. దాని తోలు, మాంసం వాళ్లవి. అమ్మవారి జాతరకు డప్పు కొట్టాలి. పిలిచిన రోజున వెట్టికి వెళ్లాలి. ఇప్పుడు ఆదివారం రామంటే మోతుబరికి కోపం, డప్పు కొట్టబోమంటే ఊరందరికీ కోపం. దెబ్బలు తిన్నవాళ్లున్నారు, పని పోగొట్టుకున్నవాళ్లున్నారు. కరువు సీమలో మాంసం వద్దనడమంటే ఆ పూట పస్తుండడమే. ఆత్మీయ ఎదుగుదల అనే మాటను మనం ఏసీ హాళ్లలో ఎంత తేలిగ్గా అంటున్నామో ఇది చదివాక కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

మారవలసి వచ్చింది వాళ్లొక్కళ్లే కాదు. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో సర్వేయరు. 1866లో భార్య హ్యారియట్‌తో ఒంగోలు చేరాడు. అతను వచ్చిన ఊరికి ముందే ఒక ప్రార్థన ఉంది: 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు అక్కడి కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని వేడుకున్నారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. మనిషి రావడానికి 12 ఏళ్లు పట్టింది. 1867 జనవరి 1న సంఘం ఏర్పడేనాటికి సభ్యులు 8 మంది.

క్లౌ ఆశలన్నీ మొదట పై కులాల మీదే. బ్రాహ్మణ కుర్రాళ్ల కోసం బడి పెట్టాడు, బాగానే సాగుతోంది. ఈలోగా పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు పెద్దలు. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించిందట. లోకం చిన్నచూపు చూసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని పౌలు రాసిన భాగమది. బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అదే దేవుని మాట అనుకోవడం నాకంత నచ్చని పద్ధతి. అయితే చదివిన తర్వాత వాళ్లు చేసిందే లెక్క: బడి ఖాళీ అయితే కానివ్వమని మాదిగలను చేర్చుకున్నారు. తన పథకం కూలిపోవడాన్ని ఒప్పుకోవడం బోధకుడికి బాప్తిస్మం లాంటిదే.

1876లో మద్రాసు రాజధానిలో మహా కరువు మొదలైంది. రెండేళ్లలో లక్షలమంది పోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. పనికి వెళ్లిన మాదిగలను మేస్త్రీలు హింసిస్తుంటే క్లౌ ఏకంగా మూడున్నర మైళ్ల కాలువను తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ అయ్యాక మూలపడిన సర్వేయరు పని అక్కడ అక్కరకొచ్చింది. తెలుగు బోధకులే పనిమీద పెద్దలు. తట్టలు దించి సేద తీరేవేళ వాళ్లే వాక్యం చెప్పేవాళ్లు.

బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగారు. క్లౌ కుదరదన్నాడు. గంజి కోసం చేరారనే మాట వాళ్లమీద పడకూడదని కరువు పనులు నడిచినంతకాలం ఆపేశాడు. నన్నడిగితే ఈ మొత్తం కథలో అతి కష్టమైన పని ఇదే. మార్పు కోసం జీవితమంతా ఎదురుచూసినవాడు, అది గుమ్మం ముందుకొచ్చినప్పుడు కొంచెం ఆగమన్నాడు.

పనులు ముగిశాయి, పంచడానికి డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లమన్నాడు. జనం వెళ్లలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలోకి దిగారు. క్లౌ ఒడ్డునే ఉండిపోయాడు.

అక్కడితో కథ సుఖాంతం అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, ఆ తర్వాత చేర్చిన సిక్కులు, బౌద్ధులు తప్ప వేరే మతంలో ఉన్నవాళ్లు షెడ్యూల్డు కులాల కిందికి రారు. ఆంధ్రలో దళిత క్రైస్తవులు బీసీ–సీ జాబితాలో ఉన్నారు. మనసు మారితే ధ్రువపత్రం మారుతుంది, వాడలో వివక్ష మాత్రం అలాగే ఉంటుంది. ఆ మూడు నియమాల నాటి ఖర్చు ఇంకో రూపంలో ఇప్పటికీ సాగుతోంది.

అంత పెద్ద మలుపులు అందరి జీవితాల్లోనూ రావు. ఉద్యోగం పోయినవాళ్లు, భర్త పోయాక పిల్లల దగ్గరికి డాలస్ వెళ్లిన తల్లులు, ఊరి సంఘంలో ముందు వరుసలో కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఎత్తుకునే మనిషి అక్కడ ఇంగ్లిషు పాటల మధ్య వెనక బెంచీ వెతుక్కోవడం, ఇలాంటివే ఎక్కువ. వాళ్లకు పాస్టర్లు చెప్పే ఓదార్పు తరచుగా ‘దేవుడు కొత్త కార్యం చేస్తున్నాడు’ అన్న ఒక్క మాటతో ఆగిపోతుంది. చేస్తున్నాడు సరే, ఆ తల్లి తనకు నోటికొచ్చిన కీర్తనలు ఎవరికి నేర్పాలి? పేరయ్యతో ఎవరైనా నీ ధ్యానం పాతది, వదిలెయ్ అని ఉంటే ఒంగోలు సంఘం ఎంత నష్టపోయేదో ఆలోచించండి.

ఎవరూ చెప్పని ఆ నడిమి భాగం ఒంగోలులోనూ ఉంది. గుండ్లకమ్మ ఒడ్డు నుంచి ఆ జనం తిరిగి వెళ్లింది పాత ఊళ్లకే, పాత రైతుల దగ్గరికే. చదువు రాని వేలమందికి బోధకులు బొత్తిగా చాలలేదు. ఒంగోలులో ఉన్నత పాఠశాల, రామపట్నంలో బోధకుల శిక్షణ, పల్లెల్లో రాత్రి బడులు, ఊళ్లో తగాదాలొస్తే కలెక్టరుకు అర్జీలు... క్లౌకి, ఆ తెలుగు బోధకులకు తర్వాతి ఏళ్లన్నీ ఆ పనికే సరిపోయాయి.