సింకు కింద ఏ పైపు? గంజి వార్చే ఇళ్ళ కోసం నాలుగు మాటలు

పోయిన వినాయక చవితి నాడు మా ఇంటికి ఇరవై మంది భోజనానికి వచ్చారు. పులిహోరకి పెద్ద గిన్నెలో అన్నం వండి, గంజి సింకులో వార్చాను. పది నిమిషాలు కాలేదు, మా అమ్మాయి "నాన్నా, ఇక్కడ కాళ్ళ కింద తడిగా ఉంది" అంది. సింకు కింద తలుపు తీస్తే లోపలంతా గంజి. అక్కడ పెట్టిన బియ్యం సంచి తడిసింది. క్యాబినెట్ అడుగు చెక్క ఉబ్బిపోయింది. పైపు నట్టులోంచి జారి ఊడి వచ్చింది. రెండేళ్ళ కిందట దాన్ని బిగించింది ప్లంబరు కాదు, నేనే.

నేను కొన్నది ముడతలు ముడతలుగా ఉండి, ఎటు కావాలంటే అటు వంగే తెల్ల ప్లాస్టిక్ పైపు. ఎందుకు కొన్నానంటే, ఊళ్ళో మన ఇళ్ళలో సింకు కింద చూసిందీ అదే. కాని అక్కడి ఏర్పాటు వేరు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ పైపు కొస తిన్నగా నేలలోని నహానీ ట్రాప్‌లోకి పోతుంది. వాసనని ఆపే నీళ్ళు ఆ ట్రాప్‌లో ఉంటాయి. కాస్త కారినా గచ్చు మీదే కదా, తుడిచేస్తాం. ఇక్కడ అమెరికాలో నేలలో ఆ ట్రాప్ లేదు. సింకు కింద వంపు తిరిగిన పి-ట్రాప్‌లో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్ళే మురుగు వాయువుని ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. (వేసవిలో రెండు నెలలు ఇండియా వెళ్ళి వస్తే ఇంట్లో మురుగు వాసన వేసేది ఆ నీళ్ళు ఆవిరైపోవడం వల్లే. ప్రతి కుళాయీ ఒక నిమిషం తిప్పితే పోతుంది.) ముడతల పైపుని వంచి ట్రాప్‌లా చేస్తే ఆ వంపు నిలకడగా ఉండదు. పైగా ప్రతి ముడతలోనూ నెయ్యి, పోపు నూనె, పప్పు మడ్డి పేరుకుంటాయి. చాలా ఊళ్ళ ప్లంబింగ్ నిబంధనలు దీన్ని ఒప్పుకోవు కూడా. దుకాణంలో అమ్ముతున్నారు కదా అని వాడవచ్చు అనుకోకండి.

మరి ఏది వెయ్యాలి? లోపల నున్నగా ఉన్న గట్టి ప్లాస్టిక్ పైపు. ఇందులో రెండు రకాలున్నాయి, రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. ముక్క మీద అచ్చు పోసిన అక్షరాలు చూడండి. పీవీసీ అని ఉంటే ఒకటి, పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్. చేత్తో తడిమితే పాలీప్రొపిలీన్ కాస్త మైనంలా జారుతుంది. ధర కొంచెం ఎక్కువ.

మన వంటకి ఈ తేడా చిన్నది కాదు. పీవీసీకి పెట్టిన ఉష్ణోగ్రత హద్దు 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 సెల్సియస్. మనం వార్చే గంజి 100 సెల్సియస్‌కి దగ్గరగా ఉంటుంది. ఒకసారి పోస్తే పైపు కరిగిపోదు. కాని వారం వారం పోస్తుంటే పల్చటి పీవీసీ మెత్తబడి, చల్లబడి, కీళ్ళ దగ్గర పట్టు వదులుతుంది. పాలీప్రొపిలీన్ వేడిని ఇంతకంటే బాగా తట్టుకుంటుంది. అందుకని వంటింటి సింకుకి నా ఓటు దానికే. ఏది వేసినా, గంజి వార్చేటప్పుడు చన్నీళ్ళ కుళాయి తిప్పి ఉంచండి. మూకుడులో మిగిలిన నూనెని కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వెయ్యండి.

క్రోమ్ పూత వేసిన ఇత్తడి పైపు చూడ్డానికి బాగుంటుంది. పైపు బయటికి కనిపించే వాష్ బేసిన్లకి అదే అందం. కాని మెరుపు బయటే, లోపల పూత ఉండదు. పూజ సామాన్లు చింతపండుతో తోమితే పైపొర కరిగి తళతళలాడతాయి కదా, పుల్లటి నీళ్ళు ట్రాప్ అడుగున నిలిస్తే లోపల జరిగేదీ అలాంటిదే. కొనేట్టయితే 17 గేజ్ మందం అడగండి. 20, 22 గేజ్‌లు పల్చన. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది, తికమక పడకండి.

గోడలోంచి వచ్చే పైపు నల్లగా ఉంటే అది ఏబీఎస్, కాలిఫోర్నియా వైపు ఎక్కువ. పీవీసీ జిగురుతో దాన్ని తెల్ల పైపుకి అతికించవద్దు. రెంటికీ మధ్య నట్టు, వాషర్ ఉన్న అడాప్టరు వెయ్యాలి. పాలీప్రొపిలీన్‌కయితే ఏ జిగురూ అంటదు, నట్టుతో బిగించాల్సిందే. పాత ఇళ్ళలో గోడలోంచి వచ్చేది తుప్పు పట్టిన జీఐ పైపు అయితే, లేదా సింకు పైపు వంపు తిరిగి తిన్నగా నేలలోకి దిగుతుంటే, మీరు చెయ్యి పెట్టకండి. లైసెన్సు ఉన్న ప్లంబరుని పిలవండి. అద్దె ఇల్లయితే ముందు యజమానికి చెప్పండి.

కొలతలు: వంటింటి సింకుకి 1½ అంగుళాలు, వాష్ బేసిన్‌కి మామూలుగా 1¼. పాత ట్రాప్ విప్పి దుకాణానికి పట్టుకెళ్ళడం అన్నిటికంటే సుఖం. విప్పే ముందు కింద బకెట్ పెట్టండి. వాషర్ ఏటవాలు అంచు నట్టు వైపు కాకుండా పైపు దూరే ఫిట్టింగు వైపు ఉండాలి. నేను చేసిన రెండో తప్పు ఇదే. నట్టు చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. బలంకొద్దీ తిప్పితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. ట్రాప్ నుంచి గోడకి వెళ్ళే పైపు అడుగుకి పావు అంగుళం చొప్పున గోడ వైపు వాలి ఉండాలి.

పైపు మూసుకుపోతే రసాయనం పొయ్యకండి. అది పుట్టించే వేడి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, లోహాన్ని తింటుంది. ట్రాప్ విప్పి కడగడం పావుగంట పని. ఇప్పటికే పోసి ఉంటే, విప్పే మనిషికి ఆ మాట ముందే చెప్పండి. కళ్ళలో పడితే ప్రమాదం.

అంతా బిగించాక కుళాయి కాసేపు తిప్పి చూసి సరిపోయిందనుకోకండి. సింకు మూత వేసి నిండా నీళ్ళు పట్టి, ఒక్కసారిగా వదలండి. ప్రతి నట్టు కిందా పొడి టిష్యూ కాగితం అద్ది చూడండి. మర్నాడు పొద్దున ఇంకోసారి.